రెండు బైబిళ్లు, ఒకే నామం: అపోహలు – వాస్తవాలు

తమిళనాడులోని కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో తెలుగు వందల ఏళ్లుగా ఇంటి భాష. వీధిలో తమిళం, గడప లోపల తెలుగు. దగ్గరలోని ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగింట పెరిగి, తమిళంలో రాసి, ఈ నేలకు తెలుగువాళ్లు వలస వచ్చిన కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళ పాఠకుల ముందుంచాడు. ఇక్కడి తెలుగు క్రైస్తవుల ఇళ్లలోనూ ఆ రెండు భాషల బతుకే: మాట తెలుగు, చేతిలో బైబిలు తమిళం.

ఆ ఇళ్లలో తెలుగు లిపి నేర్చినవారు తెలుగు బైబిలు తెచ్చుకుని, రెండింటినీ ఒకే బల్లమీద పక్కపక్కన తెరిస్తే ఆదికాండం రెండో అధ్యాయంలోనే ఒక తేడా కంటపడుతుంది. తెలుగులో ‘యెహోవా’ అని ఉన్నచోట తమిళంలో ‘కర్తర్’, అంటే ప్రభువు, అని ఉంటుంది. పేజీలు తిప్పేకొద్దీ అదే వరస. అలా చదువుకుంటూ నిర్గమకాండం ఆరో అధ్యాయానికి వచ్చేసరికి తెలుగు బైబిలు చదివేవారు ఉలిక్కిపడతారు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు తాను సర్వశక్తిగల దేవుడుగా కనిపించానని, యెహోవా అనే పేరున మాత్రం వారికి తెలియబడలేదని దేవుడు మోషేతో అంటాడు, మూడో వచనంలో. మరి ఆదికాండం నిండా 160కి పైగా చోట్ల కనిపించిన ఆ పేరు సంగతేమిటి?

తమిళ పాఠకుడు ఇదే వచనాన్ని తడబడకుండా దాటిపోతాడు. అతని పుస్తకంలో ‘యేకోవా’ అనే మాట ఇంచుమించుగా ఇక్కడే మొదలవుతుంది. ఆదికాండం 22వ అధ్యాయంలో అబ్రాహాము కొండకు పెట్టిన ‘యేకోవాయీరే’ అనే పేరు తప్ప అంతకుముందు ఆ మాట అతని కంటపడదు. ఒకే మూలం, ఒకే వచనం. ఒక భాషలో వైరుధ్యం కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఇంకో భాషలో దాదాపు కనిపించదు. ఈ విషయం మీద చెలామణీలో ఉన్న అపోహల్లో చాలావాటికి పుట్టుక ఇక్కడే.

అపోహ: తమిళ బైబిలు దేవుని పేరును దాచిపెట్టింది, కర్తర్ వేరు, యెహోవా వేరు

ఈ మాట కాస్త గట్టిగానే వినిపిస్తుంటుంది. అసలు జరిగింది వేరు. హీబ్రూ మూలంలో ఆ పేరు నాలుగు హల్లులు: య, హ, వ, హ. పాత నిబంధనలో 6,800 సార్లకు పైగా వస్తుంది. యూదులు కాలక్రమంలో, భక్తివల్ల, ఆ పేరును పైకి పలకడం మానేశారు. యెరూషలేము దేవాలయం ఉన్న రోజుల్లో ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు దాన్ని ఉచ్చరించేవాడని యూదుల పాత ధర్మసంపుటి మిష్నా చెబుతుంది. క్రీ.శ. 70లో ఆ దేవాలయమే పోయింది. చదివేటప్పుడు కంటికి నాలుగక్షరాలు కనిపిస్తాయి, నోటివెంట మాత్రం ‘అదోనాయ్’, అంటే ప్రభువు, అని వస్తుంది.

తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. పాతతరం తెలుగిళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలికేవారు కాదు. గుమాస్తా అడిగితే పక్కనున్న పిల్లవాడిచేత చెప్పించేవారు. పేరు తెలియక కాదు, దాచాలనీ కాదు.

ఆ మర్యాదే భాష నుంచి భాషకు నడిచింది. గ్రీకు అనువాదంలో అది ‘కురియోస్’ అయింది. కొన్ని పాత గ్రీకు ప్రతుల్లోనైతే గ్రీకు వాక్యం మధ్యలో ఆ నాలుగక్షరాలను హీబ్రూ లిపిలోనే రాసి వదిలారు. లాటిన్‌లో ‘దోమినుస్’, ఇంగ్లీషులో ‘లార్డ్’ అయింది. హెన్రీ బవర్ ముఖ్య సంస్కర్తగా తయారై 1871లో వెలువడిన తమిళ బైబిలు ఆ బాటలోనే ‘కర్తర్’ అంది. తెలుగు అనువాదకులు ఇంకో దారి పట్టి, పేరును పేరుగానే ఉంచారు. 1901 నాటి అమెరికన్ ఇంగ్లీషు బైబిలు కూడా ఆ పనే చేసింది. రెండు పద్ధతులకూ చరిత్ర ఉంది, రెండింట్లోనూ భక్తి ఉంది.

తమిళంలో ‘దేవుడు’ అనే సామాన్య పదం కూడా నిలకడగా లేదు. తరంగంబాడిలో మిషనరీ జీగెన్‌బాల్గ్ 1715లో అచ్చువేసిన కొత్త నిబంధనలో ‘సర్వేశ్వరన్’, ఫాబ్రిసియస్ అనువాదంలో ‘పరాపరన్’, బవర్ ప్రతిలో ‘దేవన్’, ఇరవయ్యో శతాబ్దపు సవరణలో ‘కడవుళ్’. ప్రతి మార్పుకీ వాదోపవాదాలు జరిగాయి. అంతమాత్రాన నలుగురు దేవుళ్లు కాలేదు.

అపోహ: మోషే విన్న ఉచ్చారణ అచ్చంగా ‘యెహోవా’యే

కాదు. ఎందుకు కాదో తెలుసుకోవాలంటే గుణింతం గుర్తు చేసుకుంటే చాలు.

ప్రాచీన హీబ్రూలో రాసేది హల్లులే. అచ్చులు చదివేవాడి నోట్లో ఉండేవి. ‘కమరజ’ అని నాలుగు హల్లులు గోడమీద రాస్తే విరుదునగర్‌లో ఏ పిల్లవాడైనా ‘కామరాజ్’ అని చదువుతాడు. ఆ ఊళ్లో 1903లో పుట్టి, మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన నాయకుడి పేరు వాడికి ముందే తెలుసు కాబట్టి. అదే పేరును కొన్ని వందల ఏళ్లు ఎవరూ పైకి అనకపోతే? హల్లులు మిగులుతాయి, గుణింతం జారిపోతుంది.

క్రీ.శ. ఏడు నుంచి పదో శతాబ్దాల మధ్య మసోరెట్లు అనే యూదు పండితులు హీబ్రూ పాఠానికి అచ్చుల గుర్తులు చేర్చారు. ఈ నాలుగు హల్లుల దగ్గర మాత్రం, చదివేవాడు ‘అదోనాయ్’ అనాలని గుర్తుచేయడానికి, ఆ మాట తాలూకు గుర్తులు పెట్టారు. హల్లులు ఒక మాటవి, గుణింతం ఇంకో మాటది. ఆ సంగతి తెలియని యూరప్ పాఠకులు రెండింటినీ కలిపి చదివారు. అలా ‘యెహోవా’ పుట్టింది. విలియం టిండేల్ 1530లో నిర్గమకాండం 6:3ను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆ రూపమే వాడాడు. ‘యాహ్వే’కు దగ్గరి ఉచ్చారణే అసలుదని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. సమరయులు ఆ పేరును ‘యాబే’ అని పలుకుతారని అయిదో శతాబ్దపు థియోడొరెట్ గ్రీకులో రాసిపెట్టాడు. ఆ పండితుల వాదానికి అదొక ఆధారం.

అంతమాత్రం చేత తెలుగు విశ్వాసి నోట ‘యెహోవా’ తప్పయిపోదు. వలసవచ్చిన పేర్లన్నీ కొత్త నాలుకకు తగినట్టు వంగుతాయి. యేషూవ యేసు కాలేదా, యోహానాన్ యోహాను కాలేదా? ‘యెహోవా’ తెలుగు పేరయింది. తప్పు ఎక్కడుందంటే, ఈ అక్షరాలే మోషే చెవిన పడ్డాయని పట్టుబట్టడంలో, తక్కిన ఉచ్చారణలవారిని తక్కువచేసి చూడడంలో.

అపోహ: నిర్గమకాండం 6:3 ప్రకారం అబ్రాహాముకు ఆ పేరు చెవిని కూడా పడలేదు, కాబట్టి ఆదికాండమో నిర్గమకాండమో ఒకటి అబద్ధం

అసలు చిక్కు ఇదే. దీన్ని చులకనగా తీసుకోకూడదు, ఎందుకంటే వచనాలు నిజంగానే ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి.

ఆదికాండం 4:26 ప్రకారం షేతు కొడుకు ఎనోషు కాలంలోనే మనుషులు యెహోవా నామాన ప్రార్థించడం మొదలైంది. 12వ అధ్యాయంలో బేతేలు దగ్గర బలిపీఠం కట్టిన అబ్రాము ఆ పేరుతోనే ప్రార్థించాడు. 15:7లో దేవుడే అబ్రాముతో, కల్దీయుల ఊరు అనే పట్టణం నుంచి నిన్ను తీసుకొచ్చిన యెహోవాను నేనే అన్నాడు. 28:13లో రాతిమీద తలపెట్టి పడుకున్న యాకోబు కలలోనూ అదే మాట.

ఈ చిక్కును నిన్నమొన్న ఎవరో విమర్శకులు కనిపెట్టారనుకోవడం కూడా అపోహే. ఫ్రాన్సులోని త్రోయ్ పట్టణంలో పదకొండో శతాబ్దంలో పుట్టిన యూదు వ్యాఖ్యాత రాషీ దీన్ని చూశాడు. చూసి, ఒక్క క్రియాపదం మీద వేలు పెట్టాడు. ‘తెలియజేయలేదు’ అని అక్కడ లేదు, ‘తెలియబడలేదు’ అని ఉంది. పేరు చెప్పలేదని కాదు, ఆ పేరుకు తగిన గుణంతో, అంటే ఇచ్చిన మాట నిలబెట్టుకునేవాడిగా, వారికి ఎరుక కాలేదని అతని వివరణ. తెలుగు బైబిలు కూడా ‘తెలియబడలేదు’ అనే అంటుంది. తెలుగు పాఠకుడు రాషీ గమనించినదాన్ని తన పుస్తకంలోనే చూసుకోవచ్చు. ప్రాచీన గ్రీకు అనువాదం ‘తెలియజేయలేదు’ వైపు మొగ్గిన మాట నిజం. అందుకే ఒక్క క్రియాపదంతో వాదం ముగిసిపోదు.

వాదాన్ని నిలబెట్టేది బైబిలు తన సొంత వాడుకలో ‘ఎరగడం’ అనే మాటకు ఇచ్చే అర్థం. మొదటి సమూయేలు రెండో అధ్యాయంలో ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు యెహోవాను ఎరగరని ఉంది. వాళ్లెవరు? షిలోహులో ఆయన యాజకులు. ఆ పేరు రోజూ నోట పలికేవాళ్లు. ఆ తర్వాతి అధ్యాయంలో మందిరంలోనే పెరుగుతున్న బాల సమూయేలుకు కూడా యెహోవా ఇంకా తెలియలేదని ఉంది. యిర్మీయా 16:21లో దేవుడు తన బలాన్ని చూపిస్తాననీ, అప్పుడు తన పేరు యెహోవా అని వారు తెలుసుకుంటారనీ అంటాడు. ఆ మాట విన్న యెరూషలేము జనానికి ఆ పేరు తాతల నాటినుంచీ తెలుసు. యెహెజ్కేలు గ్రంథంలోనైతే, నేను యెహోవానని మీరు తెలుసుకుంటారు అనే మాట పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. ఈ చోట్లన్నింటా తెలియడమంటే చెవిన పడడం కాదు, అనుభవానికి రావడం. తెలుగులోనూ అంతే కదా: ‘ఆయన పేరు తెలుసుగానీ మనిషి తెలియడు’ అని రోజూ అంటుంటాం.

ఈ వెలుగులో నిర్గమకాండం ఆరో అధ్యాయాన్ని ముందు వచనాలతో, వెనక వచనాలతో కలిపి చదవాలి. అంతకు ముందు అధ్యాయంలో ఫరో, యెహోవా ఎవడు, నేను ఎరగను అన్నాడు. మోషే వెళ్లి అడిగాక వెట్టిచాకిరీ ఇంకా పెరిగింది. అప్పుడు దేవుడు చెప్పేది ఇది: పితరులకు కనాను దేశం ఇస్తానని మాటిచ్చాను, వారు ఆ దేశంలో పరవాసులుగానే బతికారు, ఇప్పుడు విడిపిస్తాను, అప్పుడు నేను యెహోవానని మీరు తెలుసుకుంటారు. అబ్రాహాముకు మాట దక్కింది, నేల దక్కలేదు. వలస వచ్చి, అడవి నరికి, చేను చేసుకున్న పూర్వీకుల కథ వింటూ పెరిగిన కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగువారికి ఆ రెంటి నడుమ దూరం ఎంతో ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇంకో వివరణ కూడా ఉంది, దానికీ విరుదునగరే మంచి ఉదాహరణ. ‘కామరాజ్ 1903లో విరుదునగర్‌లో పుట్టాడు’ అని పైన రాసినట్టే అందరూ రాస్తారు. ఆయన పుట్టిననాడు ఆ ఊరి పేరు విరుదుపట్టి. విరుదునగర్ అనే పేరు 1923లో వచ్చింది. రాసేవాడు అబద్ధమాడలేదు, పాఠకుడికి తెలిసిన పేరు వాడాడు. బైబిలూ ఈ పని చేస్తుంది. ఆదికాండం 14:14లో అబ్రాము శత్రువులను ‘దాను’ వరకు తరిమాడు. ఆ పేరుకు మూలపురుషుడైన దాను అబ్రాహాము మునిమనవడు, అప్పటికి పుట్టనే లేదు. ఊరి పాత పేరు లాయిషు అని న్యాయాధిపతులు 18:29 చెబుతుంది. అలాగే ఆదికాండం రాసినవాడు పాత సంఘటనల్లో తర్వాత తెలిసిన దేవుని పేరు వాడి ఉండవచ్చు.

కథకుడి మాటల వరకు ఈ వివరణ చక్కగా సరిపోతుంది. 17:1లో కథకుడు ‘యెహోవా ప్రత్యక్షమయ్యాడు’ అంటాడు, ఆ ప్రత్యక్షమైనవాడు తనను ‘ఎల్ షద్దాయ్’గా, సర్వశక్తిగల దేవుడుగా చెప్పుకుంటాడు. కథకుడికి ఒక పేరు, పాత్రకు ఒక పేరు. కానీ 15:7లో దేవుడు నేరుగా పలికిన మాట దగ్గర ఇది బిగువు కోల్పోతుంది. అక్కడ రాషీ దారే గట్టిది.

మనుషుల పేర్లు ఇక్కడ ఒక మంచి సాక్ష్యం. ఇష్మాయేలు, బెతూయేలు, ఇశ్రాయేలు: పితరుల కాలపు పేర్లలో ‘ఏల్’, అంటే దేవుడు, వినిపిస్తుంది. తర్వాతి ఏలీయా, యెషయా, యిర్మీయా పేర్లలో యెహోవా నామపు కురచ రూపం ‘యా’ వినిపిస్తుంది. సంఖ్యాకాండం 13:16లో మోషే హోషేయకు యెహోషువ అని కొత్త పేరు పెట్టాడు. ఆ పేరులోకి దైవనామం అడుగుపెట్టడం పాఠకుడి కళ్లముందే జరుగుతుంది. అంటే మోషే కాలంతో ఈ పేరు జనం జీవితంలోకి కొత్త బలంతో వచ్చిందన్న మాట నిజమే. అయినా అదే నిర్గమకాండం ఆరో అధ్యాయం 20వ వచనంలో మోషే తల్లి పేరు యోకెబెదు. ఆ ‘యో’ దైవనామపు కురచ రూపమేనని చాలామంది పండితులు చెబుతారు. అదే నిజమైతే, పేరు కొత్తగా తెలిసిందనిపించే అధ్యాయంలోనే ఒక తరం ముందరి స్త్రీ పేరులో అది దాగి ఉంది.

అపోహ: ‘వేర్వేరు మూలగ్రంథాలు’ అనే సిద్ధాంతం బైబిలుమీద దాడిగా పుట్టింది

ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆస్త్రుక్ 1753లో తన పేరు లేకుండా ఒక పుస్తకం వెలువరించాడు. ఆదికాండంలో కొన్ని భాగాలు ‘ఎలోహీం’ (హీబ్రూలో ‘దేవుడు’) అనీ, కొన్ని ‘యెహోవా’ అనీ దేవుణ్ణి పిలుస్తున్నాయని గమనించి, మోషే తన ముందున్న పాత రాతలను సేకరించి కూర్చాడని వాదించాడు. మోషే కర్తృత్వాన్ని కాపాడడమే అతని ఉద్దేశం. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ పండితులు, ముఖ్యంగా వెల్‌హౌసెన్, ఆ పరిశీలనను వేరే దిక్కుకు నడిపారు. వారి లెక్కలో ఆదికాండం 4:26 ఒక సంప్రదాయానిది, నిర్గమకాండం 6:3 యాజకుల సంప్రదాయానిది. పేరు ఎప్పుడు తెలిసిందన్న విషయంలో ఆ రెండింటికీ జ్ఞాపకం వేరు.

ఈ సిద్ధాంతాన్ని విశ్వవిద్యాలయాల్లో చాలామంది ఏదో ఒక రూపంలో ఒప్పుకుంటారు, చాలా సంఘాలు ఒప్పుకోవు. ఒప్పుకున్నవారికి కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ పాఠాలను చివరగా కూర్చినవారికి చదువు రాకపోలేదు. ఆదికాండం మొత్తం ఎదుట పెట్టుకుని, నిర్గమకాండం 6:3ను తుడిచెయ్యకుండా అక్కడే ఉంచారు. వారికది వైరుధ్యంగా తోచలేదంటే, పేరు తెలియడమనే మాటకు వారి దగ్గర లోతైన అర్థం ఉండి ఉండాలి. రెండు దారుల్లో నడిచినవారూ ఇక్కడ ఒకరినొకరు పలకరించుకోవచ్చు.

మరికొందరు నిర్గమకాండం 6:3 వాక్యాన్నే ప్రశ్నగా చదువుతారు: ‘నా పేరున వారికి నేను తెలియబడలేదా?’ అని. హీబ్రూలో ప్రశ్నార్థకం గుర్తు లేదు కాబట్టి వ్యాకరణం దీన్ని అడ్డుకోదు. పాత అనువాదాలు మాత్రం ఈ చదువుకు తోడురావు.

అపోహ: మత్తయి చెప్పినట్టు బాప్తిస్మమిస్తే అపొస్తలులను తోసిపుచ్చినట్టే

కొత్త నిబంధనలోనూ నామం గురించి ఇలాంటి చిక్కే ఒకటుంది: బాప్తిస్మం ఏ నామాన ఇవ్వాలన్నది. ఈ తగాదా వల్ల కుటుంబాలు రెండు సంఘాలుగా విడిపోవడం ఉంది, కాబట్టి తేలిగ్గా వదిలేయడానికి లేదు. మత్తయి 28:19లో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలోకి బాప్తిస్మమివ్వమని యేసు ఆజ్ఞ. అపొస్తలుల కార్యములు 2:38లో యేసుక్రీస్తు నామాన పొందమని పేతురు మాట. 1913లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక పెంతెకొస్తు కూడికలో వచ్చిన ఈ ప్రశ్న ‘యేసు నామం’ సంఘాలు వేరుపడడానికి దారితీసింది.

కార్యములు 19వ అధ్యాయం తెరిస్తే చిక్కు విడిపోతుంది. ఎఫెసులో పౌలు కలిసిన శిష్యులు అప్పటికే యోహాను బాప్తిస్మం పొందారు. ‘యేసు నామాన’ అనే మాట అక్కడ ఆ బాప్తిస్మం నుంచి దీన్ని వేరుచేసి, ఇది ఎవరి అధికారం కిందిదో చెబుతుంది. ఆనాడు పలికిన మంత్రం ఏదో చెప్పడం లూకా ఉద్దేశమని ఆ వాక్యం చూపించదు. మొదటి తరాల సంఘపు చేతిపుస్తకం ‘దిదఖే’ ఏడో అధ్యాయంలో త్రిత్వ నామాన బాప్తిస్మమివ్వమంటుంది, తొమ్మిదో అధ్యాయంలో అలా పొందినవారినే ‘ప్రభువు నామాన బాప్తిస్మం పొందినవారు’ అంటుంది. ఒకే పుస్తకం, ఒకే బాప్తిస్మం, రెండు పలుకుబళ్లు. రాసినవారికి అందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు.

యోహాను 17వ అధ్యాయంలో యేసు తన తండ్రితో, నీవు నాకిచ్చిన మనుషులకు నీ నామాన్ని వెల్లడిచేశాను అంటాడు. ఆ మనుషులు యూదులు. చిన్ననాటి నుంచి కీర్తనలు పాడినవారు, చుట్టల్లో ఆ నాలుగక్షరాలు చూసినవారు. వారికి కొత్తగా చెప్పడానికి అక్షరాలేమీ మిగల్లేదు. అయినా వెల్లడిచేశాననే ఆయన అన్నాడు. నిర్గమకాండం 6:3ను అర్థం చేసుకోవడానికి కొత్త నిబంధనలో ఇంతకన్నా దగ్గరి తోడు దొరకదు.

1979లో యెరూషలేము పక్కన కెతెఫ్ హిన్నోమ్ అనే చోట ఒక పాత సమాధిలో రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. మెడలో కట్టుకునే తాయెత్తుల్లా చుట్టి ఉన్నాయి. రేకులు చిట్లకుండా విప్పడానికే ఏళ్లు పట్టింది. విప్పి చూస్తే, సుమారు 2,600 ఏళ్లనాటి అక్షరాల్లో, సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని యాజక దీవెనను పోలిన మాటలు, వాటి నడుమ ఆ నాలుగు హల్లులు. ఆ దీవెనను కోవిల్‌పట్టి తెలుగింటివారు తమ రెండు పుస్తకాల్లోనూ చదువుకోవచ్చు. తమిళంలో అది ‘కర్తర్’ అనే మాటతో మొదలవుతుంది, తెలుగులో ‘యెహోవా’ అనే మాటతో. ఆ వెంటనే 27వ వచనంలో, యాజకులు ఇలా తన నామాన్ని జనం మీద ఉంచాలని, అప్పుడు తానే వారిని దీవిస్తానని దేవుడు అంటాడు.